సుల్తానుల ఢిల్లీలో ఒక ఫకీరు : హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా

చరిత్ర పాఠం చదివే ప్రతి విద్యార్థికీ ఢిల్లీ సుల్తానుల పరంపర కంఠస్థమే. ఎవరు ఎవరిని వధించి సింహాసనమెక్కినదీ, ఎవరు ఏ సంవత్సరంలో ఏ కోటను పట్టుకొన్నదీ పరీక్షకు ముందురోజు రాత్రి అతడు వల్లెవేస్తూనే ఉంటాడు. ఆ పుటలలో ఎక్కడో ఒక మూల, ఒకటి రెండు వాక్యాలలో, ఒక ఫకీరు పేరు కనబడుతుంది. ఆ సుల్తానులలో పెక్కుమంది కంటె ఎక్కువకాలం ఢిల్లీలో నివసించి, వారిలో ఒక్కరి దర్బారు గడపనైనా ఇష్టపూర్వకంగా తొక్కని మహనీయుడాయన. ఆయనే హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా. చీకటి కాలంలో మనిషి ధైర్యంగా నిలబడడానికి బలం ఎక్కడనుండి వస్తుందని నన్నెవరైనా అడిగితే నాకు మొట్టమొదట జ్ఞాపకం వచ్చేది ఆయన జీవితమే.

ఆయన పూర్వులు బుఖారా నగరవాసులు. మంగోలుల దండయాత్రలలో మధ్య ఆసియా నగరాలు బూడిదకుప్పలవుతున్న కాలంలో ఇల్లూ వాకిలీ విడిచి హిందూస్థానానికి వచ్చి బదాయూనులో తలదాచుకొన్నారు. అక్కడే 1238 ప్రాంతంలో నిజాముద్దీన్ జన్మించారు. ఐదేండ్ల ప్రాయంలోనే తండ్రి అహ్మద్ గతించగా, తల్లి బీబీ జులైఖా ఆయనను పెంచి పెద్దచేసింది. ఇంట గింజ లేని రోజున ఆ తల్లి కంటతడి పెట్టేది కాదు. నేడు మనం దైవానికి అతిథులమని బిడ్డతో చెప్పేది. ఆ మాటలో ఏమి మాధుర్యం ఉన్నదో కాని, వరుసగా కొన్నాళ్ళు ఇంట అన్నం దొరికితే, అమ్మ ఆ మాట మళ్ళీ ఎప్పుడంటుందా అని బాలుడు ఎదురుచూసేవాడట. ఆకలిని అవమానంగా గాక ఆతిథ్యంగా నేర్పిన ఆ తల్లిని తలచుకోనిదే ఆ కుమారుని జీవితం మనకు అర్థం కాదు. తర్వాతి కాలంలో రాజ్యాధికారం ఆయనను భయపెట్టలేకపోయిందంటే, భయపెట్టడానికి దాని చేతిలో ఉన్నది ఆకలి ఒక్కటే. ఆ ఆకలితో ఆయనకు బాల్యంనుండే స్నేహం.

పదహారేండ్ల వయసులో తల్లితో, సోదరితో ఢిల్లీ చేరారు. బాల్బన్ పాలనలో నగరంలో ఖర్బూజాలు ఒక జీతల్‌కు మణుగు చొప్పున అమ్మేవారట. అయినా ఒక ఋతువంతా ఒక్క ముక్కైనా రుచి చూడకుండానే గడచిపోయిందని ఆయన వృద్ధాప్యంలో నవ్వుతూ జ్ఞాపకం చేసుకొన్నారు. విద్యలో మాత్రం ఆయనకు సాటి లేదు. వాదంలో ఎదుటివారిని నిరుత్తరులను చేసి సభలనే భగ్నం చేస్తాడని సహాధ్యాయులు ఆయనకొక బిరుదు తగిలించారు. అంతటి పండితునికి సహజమైన కోరిక ఖాజీ పదవి. ఒకనాడు షేక్ నజీబుద్దీన్ ముతవక్కిల్‌ను కలుసుకొని తాను ఖాజీ కావాలని ప్రార్థించవలసిందిగా కోరారు. ఆ పెద్దమనిషి మొదట వినిపించుకోలేదు. మళ్ళీ అడిగితే, ఖాజీ కావద్దు, మరేదైనా కమ్మని బదులిచ్చారు. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగ ప్రకటనల కోసం పత్రికలు తిరగవేసే మన పట్టభద్రులకు ఈ సమాధానం రుచించదని నేనెరుగుదును. నాకూ ఆ వయసులో రుచించి ఉండేది కాదు.

నజీబుద్దీన్ గారి అన్న బాబా ఫరీద్. పంజాబులోని అజోధన్‌లో, నేటి పాక్‌పట్టణంలో, ఆయన ఆశ్రమం. ఇరవయ్యవ ఏట నిజాముద్దీన్ అక్కడికి వెళ్ళి శిష్యులైనారు. బాబా ఆయన పాండిత్యాన్ని మెచ్చుకోలేదు సరికదా, తొలుత దానిలోని గర్వాన్ని విరిచివేశారు. ఒక గ్రంథానికి తప్పులతడకైన ప్రతిని పట్టుకొని గురువు పాఠం చెబుతుంటే, మంచి ప్రతి మరొకచోట ఉన్నదని శిష్యుడు నోరు జారారు. గురువు తీవ్రంగా నొచ్చుకొన్నారు. శిష్యుడు ఏడ్చుకొంటూ వెలుపలికి వెళ్ళి, బావిలో దూకుదామా అన్నంతవరకు కుమిలిపోయారు. చివరకు బాబా కుమారుడు కల్పించుకొని సమాధానపరచవలసి వచ్చింది. మరొకసారి ఢిల్లీనాటి సహాధ్యాయి ఒకడు అజోధన్‌కు వచ్చి, చినిగిన దుస్తులలో ఉన్న మిత్రుని చూచి, నగరంలో ఉంటే గొప్ప అధ్యాపకుడివై ఉండేవాడివి గదా అని జాలిపడ్డాడు. సంగతి తెలిసిన బాబా ఒక పళ్ళెంలో భోజనం అమర్చి, దానిని నెత్తిన పెట్టుకొని ఆ మిత్రుడు దిగిన సత్రానికి నడచిపొమ్మన్నారు. నిజాముద్దీన్ అలాగే వెళ్ళారు.

ఇంతకంటె నాకు ప్రియమైన ఘట్టం వేరొకటి ఉన్నది. బాకీలు తీర్చమని, విరోధులను ప్రసన్నులను చేసుకొమ్మని గురువుగారి ఆజ్ఞ. ఢిల్లీలో ఒక బట్టల వర్తకునికి ఆయన ఇరవై జీతళ్ళు బాకీ. వేరొకరివద్ద ఎరవు తెచ్చిన పుస్తకం పోగొట్టారు. ఎంత ప్రయత్నించినా పది జీతళ్ళకు మించి కూడలేదు. ఆ పదీ పట్టుకొని వర్తకుని వద్దకు వెళ్ళగా అతడు వాటిని తీసుకొని మిగిలిన పదీ మాఫీ చేశాడు. పుస్తకం యజమాని వద్దకు వెళ్ళి, మరొక ప్రతి సంపాదించి స్వహస్తంతో నకలు వ్రాసి ఇస్తానని చెప్పగా అతడు సంతోషించి ఆ పుస్తకాన్నే దానమిచ్చానన్నాడు. సూఫీ మార్గమనగానే మనవారు మహిమలను గూర్చి అడుగుతారు. ఆ మార్గంలో తొలి మెట్టు పది జీతళ్ళ బాకీ. మన గ్రంథాలయం పుస్తకాలు సంవత్సరాల తరబడి ఇంట ఉంచుకొనే మిత్రులు ఈ సంగతి గమనింతురు గాక.

బాబా ఫరీద్ 1265లో పరమపదించారు. ఆనాటికే ఖిలాఫత్ పొందిన నిజాముద్దీన్ ఢిల్లీ వెలుపల యమునా తీరాన గియాస్‌పూర్ అనే పల్లెలో స్థిరపడ్డారు. కైకుబాద్ సమీపంలోని కిలోఖరీలో రాజభవనం కట్టించగా ఆ పల్లెకు జనసమ్మర్దం పెరిగింది. విసిగి మరెక్కడికైనా వెళ్ళిపోదామని ఆయన తలచిన రోజున ఒక అపరిచిత యువకుడు వచ్చి మందలించాడట. జనానికి దూరంగా ఏకాంతంలో భగవంతుని స్మరించడం ఏమంత గొప్ప? జనం నడుమ ఉంటూ ఆయనను మరువకపోవడమే పురుష లక్షణమన్నది ఆ మందలింపు సారాంశం. నిజాముద్దీన్ ఆగిపోయారు. మరణపర్యంతం అక్కడే ఉన్నారు.

ఆ ఖాన్‌ఖాలో కానుకలు ప్రవాహంలా వచ్చేవి, ప్రవాహంలాగానే వెళ్ళిపోయేవి. ప్రతి శుక్రవారం నిల్వ ఉన్నదంతా పంచి గదులు ఊడ్పించిన తర్వాతే ఆయన నమాజుకు బయలుదేరేవారు. వేలమందికి వంట సాగుతుండగా తాను నిత్యం ఉపవాసముండేవారు. తెల్లవారుజామున సేవకుడు సహ్రీ భోజనం తెచ్చి పెడితే అది తరచు ముట్టనిదే మిగిలిపోయేది. ఇలాగైతే దేహం నిలవదని సేవకుడు మొరపెట్టుకొన్నాడు. మసీదుల మూలలలో, దుకాణాల అరుగులమీద ఎందరో పస్తులతో పడుకొని ఉండగా ఈ ముద్ద తన గొంతు ఎలా దిగుతుందని ఆయన కన్నీరు పెట్టుకొన్నారు. ఈ దుఃఖమే ఆయన ఆధ్యాత్మికతకు మూలమని నా అభిప్రాయం. దైవభక్తి లోపల ఎక్కడో వెలిగే దీపమైతే, దాని వెలుతురు ఆ దుకాణాల అరుగులమీదనే పడింది.

అది ఎటువంటి కాలమో మరువరాదు. 1303లో తర్గీ నాయకత్వాన మంగోలులు ఢిల్లీని చుట్టుముట్టి రెండు నెలలు కూర్చున్నారు. అల్లావుద్దీన్ ఖిల్జీ పంటలో సగం శిస్తుగా లాగుకొంటున్నాడు. వేగులవారి భయంతో ప్రభువర్గం తమ ఇండ్లలోనే గుసగుసలాడుకొనేది. అటువంటి నగరంలో పేరు, కులం, మతం అడగకుండా అన్నం పెట్టే ఇల్లు ఒకటి ఉండడమే జనానికి ధైర్యం. ఒకనాడు నదీతీరాన స్నానమాడి పూజ చేసుకొంటున్న హిందువులను చూచి, ప్రతి జాతికీ తనదైన మార్గమొకటి, తనదైన ఆరాధన ఒకటి ఉన్నవని ఆయన పక్కనున్న అమీర్ ఖుస్రోతో అన్నట్లు ప్రసిద్ధి. ఇంద్రపత్‌లో ఒకడు నిష్కారణంగా ఆయనను జీవితాంతం దూషించాడు. అతడు చనిపోతే ఖననానికి స్వయంగా వెళ్ళి, అతని దూషణలను తాను క్షమించానని, తన నిమిత్తం అతనిని శిక్షించవద్దని దైవాన్ని వేడుకొన్నారు.

సుల్తానులతో ఆయన సంబంధం చిత్రమైనది. జలాలుద్దీన్ ఖిల్జీ చెప్పకుండా దర్శనానికి వద్దామనుకొన్నాడు. కొలువులో ఉన్న అమీర్ ఖుస్రో ఆ రహస్యాన్ని గురువుకు తెలియజేయగా ఆయన అజోధన్‌కు వెళ్ళిపోయారు. రాజు నిలదీస్తే ఖుస్రో జంకలేదు. రాజు ఆగ్రహిస్తే పోయేది ప్రాణమే గాని, గురువు ఆగ్రహిస్తే పోయేది విశ్వాసమని విన్నవించాడు. అల్లావుద్దీన్ రాజ్యవ్యవహారాలలో సలహా కోరుతూ కుమారుడు ఖిజ్ర్‌ఖాన్ చేత లేఖ పంపితే ఆయన దానిని విప్పి చూడనైనా లేదు. సుల్తాను స్వయంగా వస్తానంటే, తన ఇంటికి రెండు ద్వారాలున్నవని, ఒకదానినుండి రాజు ప్రవేశిస్తే రెండవదానినుండి తాను వెలుపలికి పోతానని కబురంపారు.

ఇక్కడ మన తెలుగునేల ప్రసక్తి ఒకటి వస్తుంది. 1309లో మాలిక్ కాఫూర్ సేనలతో ఓరుగల్లుపైకి వచ్చాడు. దారిలోని తపాలా చౌకీలు తెగిపోయి కొన్నాళ్ళు వార్తలు అందలేదు. ఆందోళనతో అల్లావుద్దీన్ ఇద్దరు దూతలను గియాస్‌పూర్‌కు పంపగా, శుభవార్త రాగలదని షేక్ సూచించారని, ఆనాడే విజయవార్త అందినదని చరిత్రకారుడు బరనీ వ్రాశాడు. భక్తులు దీనిని మహిమగా చెప్పుకొంటారు. ఓరుగల్లు కోటగోడల నీడలో చదువుకొన్న నాకు మాత్రం ఈ కథ మనసును కలుక్కుమనిపిస్తుంది. గియాస్‌పూర్‌లో పంచిన రొట్టెలోని గోధుమ ఎవరి పొలంలోనిదో, ఓరుగల్లునుండి తరలిపోయిన ఏనుగులతో పాటు ఎవరి కన్నీరు వెళ్ళిందో ఆ గ్రంథాలు చెప్పవు. మహనీయుని గౌరవిస్తూనే ఈ మాట వ్రాస్తున్నాను. ఆయన ఆ విజయంలో పాలు కోరలేదన్నది మాత్రం నిజం. ఆయన ముఖ్యశిష్యులకు పెట్టిన నియమం ఒకటున్నది: రాజునుండి జాగీరు గాని కొలువు గాని స్వీకరించరాదు. ఖాజీ ముహియుద్దీన్ కాషానీ శిష్యుడైనప్పుడు తన పదవికి సంబంధించిన సనదును గురువు ఎదుటనే చించివేశారు. తర్వాత ఇంట పస్తులు మొదలైనవి. అల్లావుద్దీన్ అవధ్ ఖాజీ పదవి ఇవ్వజూపగా, ఆయన అనుమతి కోరి వచ్చారు. గురువు ఎంతో నొచ్చుకొని ఒక సంవత్సరంపాటు ఖిలాఫత్‌నే ఉపసంహరించుకొన్నారు. నెల మొదటి తేదీకి జీతం ఆలస్యమైతే కలతచెందే నావంటివాడు ఈ గురువునే కఠినుడనాలో, ఆ శిష్యునే దురదృష్టవంతుడనాలో తేల్చుకోలేడు.

అల్లావుద్దీన్ కుమారుడు కుత్బుద్దీన్ ముబారక్ షా కాలంలో గౌరవం శత్రుత్వంగా మారింది. ఆ సుల్తాను తన అన్న, షేక్ భక్తుడు అయిన ఖిజ్ర్‌ఖాన్‌ను చంపించాడు. అధికారులెవ్వరూ గియాస్‌పూర్ వెళ్ళరాదని ఆంక్ష పెట్టాడు. తాను కట్టించిన కొత్త మసీదుకే శుక్రవారం నమాజుకు రావలెనన్నాడు. దగ్గరలోని మసీదుకే తనపై హక్కు ఎక్కువని షేక్ జవాబు. చివరకు నెల మొదటి రోజున కొలువుకు వచ్చి సలాము చేయకపోతే బలవంతంగా రప్పిస్తానని హెచ్చరిక వచ్చింది. శిష్యులు వణికిపోయారు. షేక్ తల్లి సమాధి వద్దకు వెళ్ళి మనసులోని మాట చెప్పుకొని వచ్చి నిశ్చింతగా ఉన్నారు. గడువు నాటికి ముందురాత్రి సుల్తాను ఆంతరంగికుడు ఖుస్రోఖాన్ మనుషులే సుల్తాను తల నరికారు. అది 1320.

గద్దెనెక్కిన ఖుస్రోఖాన్ ఖజానాను ఫకీరులకు వెదజల్లాడు. గియాస్‌పూర్‌కు ఐదు లక్షల తంకాలు వచ్చినవి. కొద్ది నెలలకే అతనిని తొలగించి రాజైన గియాసుద్దీన్ తుగ్లక్ ఆ ధనం తిరిగి ఇమ్మన్నాడు. పంచడానికి జంకి దాచి ఉంచినవారు తిరిగి ఇచ్చివేశారు. అది ప్రజల ధనం, ప్రజలకే చేరిందన్నది నిజాముద్దీన్ సమాధానం. దానితో కక్ష కట్టిన రాజు, సమా పేరిట గానం వినడం ధర్మవిరుద్ధమన్న ఫిర్యాదుపై పండితుల విచారణసభ జరిపించి ఎనుబది దాటిన ఆ వృద్ధుని రప్పించాడు. రాజు ఆయనను శిక్షించే తీర్పు మాత్రం ఇవ్వలేకపోయాడు. ఈ తుగ్లక్ సేనలే 1323లో ఓరుగల్లును పట్టుకొని ప్రతాపరుద్రుని బందీగా తీసుకొని పోయినవి. 1325లో వంగదేశంనుండి మరలివస్తూ ఢిల్లీ చేరువలో స్వాగతమంటపం కూలి గియాసుద్దీన్ మరణించాడు. ఢిల్లీ ఇంకా దూరమన్న నానుడిని దీనికి ముడిపెట్టి చెప్పడం తర్వాతి చరిత్రకారుల పని. శత్రువు మరణంకోసం ప్రార్థించిన మనిషిగా ఆయనను ఊహించుకోవడం, ఇంద్రపత్ సమాధి సంగతి తెలిసిన నాకు సాధ్యం కాదు.

ఆయన మాటలు మనకు మిగలడానికి కవి అమీర్ హసన్ కారణం. 1308 నుండి 1322 వరకు తాను విన్న సంభాషణలను ఆయన ఫవాయిదుల్ ఫువాద్ అనే పారసీ గ్రంథంగా కూర్చాడు. శిష్యులలో బుర్హానుద్దీన్ గరీబ్ దక్కనుకు వచ్చి దౌలతాబాద్ ప్రాంతంలో దీపం వెలిగించారు. ఆయన సమాధి ఖుల్దాబాదులో ఉన్నది. గుల్బర్గాలో వెలసిన బందానవాజ్ గేసూదరాజ్, నిజాముద్దీన్ వారసుడైన నసీరుద్దీన్ చిరాగ్ శిష్యులు. నేటికీ మన తెలంగాణ జిల్లాలనుండి గుల్బర్గా ఉర్సుకు వెళ్ళే వారిలో హిందువులెందరో, ముస్లిములెందరో ఎవరూ లెక్కపెట్టరు.

1325 ఏప్రిల్ ప్రారంభం. ఆయన నలభై రోజులుగా అన్నం ముట్టనే లేదు. స్పృహ వచ్చినప్పుడల్లా నమాజు చేశానా, అతిథులెవరైనా వచ్చారా అని అడిగేవారు. ఇంట ఏదైనా మిగిలినదా అని విచారించగా, ఆశ్రమవాసుల నిమిత్తం కొంత ధాన్యం ఉంచినట్లు సేవకుడు ఇక్బాల్ మనవి చేశాడు. ఆయన నొచ్చుకొన్నారు. జనాన్ని పిలిపించి, కొట్ల తలుపులు పగులగొట్టి ఉన్నదంతా తీసుకొనిపొమ్మన్నారు. గింజ మిగలకుండా నేల ఊడ్వమన్నారు. క్షణంలో కొట్లన్నీ ఖాళీ అయినవి. ఏప్రిల్ 3వ తేదీన ఆయన కన్నుమూశారు. తనకొరకు భక్తులు కట్టించిన భవనాలలో వద్దని, ఆరుబయట నేలలోనే పాతిపెట్టమని చెప్పి ఉండడంచేత అలాగే చేశారు. ఆ సమయాన అమీర్ ఖుస్రో వంగదేశంలో ఉన్నాడు. వార్త విని పరుగున వచ్చి, ఉన్నదంతా పంచిపెట్టి, నల్లని వస్త్రాలు ధరించి ఆ సమాధి చెంత కూర్చున్నాడు. ఆరు నెలలకే అతడూ వెళ్ళిపోయాడు. గురువు పాదాల వైపున అతనినీ ఖననం చేశారు.