టి.నగర్‌లో ‘టి’ ఎవరు? సర్ పిట్టి త్యాగరాయ చెట్టి జీవితం

పెళ్లి బట్టలకో, పండుగ నగలకో చెన్నై టి.నగర్‌లో అడుగు పెట్టని తెలుగు కుటుంబం తమిళనాట అరుదు. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి నుంచి కూడా జనం అక్కడికి వస్తుంటారు. కానీ ఆ పేరులో ‘టి’ అంటే ఏమిటని అడిగితే మన ఇళ్లలో పిల్లలు తడబడతారు. ఆ అక్షరం వెనుక ఉన్నది సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టి, మద్రాసు మహానగర పాలనకు దాదాపు నలభై ఏళ్లు వెచ్చించిన మనిషి ఆయన.

మగ్గాల వీధుల నుంచి

త్యాగరాయ చెట్టి 1852లో జన్మించారు. నేతే కులవృత్తి, ఇంట్లో మాట తెలుగు. ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. చదివారు. ఆ రోజుల్లో పట్టభద్రుడికి ప్రభుత్వ ఉద్యోగం దొరకడం కష్టం కాదు. ఆయన మాత్రం వ్యాపారాన్నే ఎంచుకున్నారు. చేనేత మగ్గాలతో నేతశాల నడిపారు. మిల్లు బట్టతో పోటీ పడలేక నేతగాళ్లు చితికిపోతున్న కాలంలో మగ్గం మెరుగుపడాలని, నేతపని నిలబడాలని పాటుపడ్డారు. 1909లో దక్షిణ భారత వర్తక మండలి ఏర్పడింది. దేశీయ వర్తకులకు గొంతునిచ్చిన ఆ సంస్థకు ఆయన తొలి అధ్యక్షులు.

ఆయన జీవితం పెనవేసుకున్నది ఉత్తర మద్రాసుతో. వాషర్‌మన్‌పేట, తండయార్‌పేట వైపు ఇరుకు వీధులు, మగ్గాలు, కూలీల ఇళ్లు ఆయనకు రోజూ కనిపించే లోకం. ఇప్పటికీ పాత వాషర్‌మన్‌పేటలో ఆయన పేరిట కళాశాల నడుస్తోంది. నగరం అంటే కోట, మౌంట్ రోడ్డు, దొరల బంగళాలు మాత్రమే కాదని ఆయనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

కార్పొరేషన్‌లో నాలుగు దశాబ్దాలు

1882లో ఆయన మద్రాసు కార్పొరేషన్ సభ్యులయ్యారు. 1920ల ఆరంభం దాకా ఆ బాధ్యత వదలలేదు. ఈ నలభై ఏళ్లలో నగరం నడక మారిపోయింది. ఆయన చేరిన నాటికి వీధుల్లో ఎద్దుబండ్లు, జట్కాలు, పల్లకీలు తిరిగేవి. 1895లో మద్రాసులో విద్యుత్ ట్రాము మొదలైంది. దేశంలో అదే మొదటిది. తర్వాత మోటారు కార్లు, బస్సులు వచ్చాయి. వీధి మాత్రం పాతదే. రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, మురుగు ఎటు పోవాలి, దీపం ఎక్కడ పెట్టాలి అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. ఊరు బతకడం, ఊపిరాడక పోవడం వాటిమీదే ఆధారపడి ఉంటుంది. కార్పొరేషన్ సభ్యుల పనిలో ఎక్కువ భాగం ఇదే.

1919 నాటి నగర పాలక చట్టం తర్వాత కార్పొరేషన్‌లో ప్రజా ప్రతినిధుల బలం పెరిగింది. అంతవరకు అధికారులే కూర్చున్న అధ్యక్ష పీఠం అధికారేతరుడైన త్యాగరాయ చెట్టిగారికి దక్కింది. ఆ పదవిలో ఉండగా 1920లో ఆయన చేసిన ఒక పని నేటికీ నిలిచింది. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పేద పిల్లలు ఆకలితో బడి మానేస్తున్నారని గమనించి, అక్కడ వారికి భోజనం పెట్టించేందుకు కౌన్సిల్ చేత తీర్మానం చేయించారు. ఒక్కో పిల్లవాడికి రోజుకు అణా మించని ఖర్చు. హాజరు పెరిగింది, పథకం మరికొన్ని బడులకు పాకింది. ప్రాథమిక విద్య నిధి నుంచి ఆ ఖర్చుకు ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో 1925లో ఆగిపోయింది. అయినా తమిళనాడు మధ్యాహ్న భోజనం చరిత్ర చెప్పేవారెవరైనా ఆ బడి దగ్గరే మొదలుపెట్టాలి.

పదవి వద్దన్న నాయకుడు

రాజకీయాల్లో ఆయన మొదట కాంగ్రెస్ అభిమాని. బ్రాహ్మణేతరులకు చదువులోను ఉద్యోగాల్లోను తగిన చోటు దక్కడం లేదన్న బాధ ఆయనను వేరే దారికి మళ్లించింది. కార్పొరేషన్‌లో ఆయనకు, డాక్టర్ టి.ఎం. నాయర్‌కు పొసిగేది కాదు. డాక్టర్ నటేశ మొదలియార్ ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టారు. 1916 నవంబరులో ముగ్గురూ కలిసి దక్షిణ భారత ఉదారవాద సమాఖ్యను స్థాపించారు. వారి ఇంగ్లీషు పత్రిక ‘జస్టిస్’ పేరుమీదే అది జస్టిస్ పార్టీ అయింది. తమిళంలో ‘ద్రావిడన్’, తెలుగులో ‘ఆంధ్ర ప్రకాశిక’ ఆ పార్టీ మాటను ఇంటింటికీ చేర్చాయి.

1920 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచింది. గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు ముఖ్యమంత్రి పదవికి త్యాగరాయ చెట్టిగారినే పిలిచారు. ఆయన వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ ఆ పదవి చేపట్టారు. అనారోగ్యం వల్ల ఆయన తప్పుకోగా 1921లో శ్రీకాళహస్తికి చెందిన పానగల్ రాజా, అంటే పానగంటి రామారాయణింగారు, వచ్చారు. చెట్టిగారు పార్టీ నాయకుడిగానే ఉండిపోయి 1925లో కన్నుమూశారు.

చెరువు మీద లేచిన పేట

ఆయన చివరి సంవత్సరాల్లోనే నగరం నైరుతి దిక్కుగా పెరగడం మొదలైంది. జనాభా 1921లో దాదాపు 5 లక్షల 27 వేలు, 1931 నాటికి దాదాపు 6 లక్షల 47 వేలు. జార్జిటౌన్ సందుల్లో ఇక చోటు లేదు. 1920లో నగర నిర్మాణ ప్రణాళికా చట్టం వచ్చింది. నుంగంబాకం నుంచి సైదాపేట వైపు సాగిన పొడవాటి చెరువును పూడ్చి, మాంబళంలో కొత్త నివాస ప్రాంతాన్ని వేయడం 1923 ప్రాంతంలో మొదలైంది. దానికి త్యాగరాయ నగర్ అని పేరు పెట్టారు. నడిమధ్యన పానగల్ పార్కు, దాని దగ్గర కలిసే వెడల్పాటి రోడ్లు, చెట్లకు చోటు విడిచిన ఇళ్ల స్థలాలు. పడమట మాంబళం రైల్వే స్టేషన్, తూర్పున మౌంట్ రోడ్డు. 1931లో బీచ్ నుంచి తాంబరం దాకా విద్యుత్ రైళ్లు నడవడంతో, పేటలో కాపురం, కోట దగ్గర ఉద్యోగం అన్న పద్ధతి సాధ్యమైంది. రోడ్లు, రైలు, ఇళ్లు మూడింటినీ కలిపి ఆలోచించిన పేట అది. వీధులకూ ఆ పార్టీ నాయకుల పేర్లే పెట్టారు: నాయర్, ఉస్మాన్, నారాయణస్వామి చెట్టి. తర్వాత బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇల్లు, వెంకటనారాయణ రోడ్డులో తిరుమల వెంకన్న గుడి ఆ పేటను తెలుగువారికి ఇంకా దగ్గర చేశాయి.

అయితే ఆ ప్రణాళిక కాపురాలకు వేసినది, బజారుకు కాదు. ఇళ్లు ఒక్కొక్కటే దుకాణాలయ్యాయి, దుకాణాలు అంతస్తులు పెంచుకున్నాయి. రోడ్డు వెడల్పు మాత్రం గీసిన గీతలోనే ఉండిపోయింది. స్టేషన్ నుంచి వచ్చే జనమంతా ఇరుకైన రంగనాథన్ వీధిలోనే ఒరుసుకుంటూ నడవాల్సి వచ్చింది. కార్లు నిలిపే చోటు లేక కాలిబాటలే ఆక్రమణకు గురయ్యాయి. పూడ్చిన చెరువూ ఊరుకోలేదు. నుంగంబాకంలో ట్యాంక్ బండ్ రోడ్డు, పశ్చిమ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు పేర్లలో అది ఇంకా ఉంది. 2021 నవంబరు వానల్లో టి.నగర్ వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు నీరు తన పాత చోటును గుర్తు చేసింది.

ఈ మధ్య దిద్దుబాటు మొదలైంది. త్యాగరాయ రోడ్డులో, మనం పాండీ బజారు అనే చోట, 2019లో కాలిబాటలను వెడల్పు చేసి పాదచారులకు చోటిచ్చారు. 2023లో మాంబళం స్టేషన్‌ను బస్టాండుతో కలుపుతూ ఆకాశ వంతెన తెరిచారు. పానగల్ పార్కు కింద మెట్రో స్టేషన్ నిర్మాణం చేపట్టారు. రైలు దిగి నడిచే మనిషిని మొదట చూడడం, కారును ఆ తర్వాత చూడడం ఆలస్యంగానైనా మంచి మార్పే. తాంబరం అవతలా, మనవాళ్లు ఇళ్లు కొనుక్కుంటున్న ఏ కొత్త శివారులోనైనా, ముందు అడగాల్సినవి ఈ పేట నేర్పినవే: నీరు ఎటు పోతుంది? రైలో బస్సో నడిచి అందుకునేంత దూరంలో ఉందా? రేపు ఇళ్లు దుకాణాలైతే ఈ రోడ్డు ఆ బరువు మోస్తుందా?

రిపన్ భవనం ఆవరణలో త్యాగరాయ చెట్టి విగ్రహం ఉంది. పేట పేరులో మాత్రం వాడుకలో ‘త్యాగరాయ’ పోయి ఒక్క అక్షరం మిగిలింది. ఈసారి పండుగ బజారుకు వెళ్లినప్పుడు ఆ అక్షరం కథ పిల్లలకు చెప్పండి. మగ్గాల వీధిలోని ఒక తెలుగు ఇంటి నుంచి వచ్చిన ఆయన బడి పిల్లల ఆకలి చూశారు, నగర పాలనకు సగం జీవితం ఇచ్చారు, పెద్ద పదవిని కాదనుకున్నారు. తమిళనాట మన కుటుంబాలు వలస వచ్చి తలదాచుకోవడమే కాదు, ఈ నగరాన్ని కట్టడంలోనూ చేయి వేశాయని చెప్పడానికి ఆయన జీవితం చాలు.