థామస్ విల్లిస్

థామస్ విల్లిస్ (జనవరి 27, 1621 - నవంబర్ 11, 1675) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు. మెదడు అడుగుభాగంలో ధమనులు ఒకదానితో ఒకటి కలిసి ఏర్పరచే వలయానికి ఈయన పేరు మీదుగా విల్లిస్ వలయం అనే పేరు వచ్చింది. ఆ వలయాన్ని ఈయనకు ముందే కొందరు చూచినప్పటికీ, దాని ప్రయోజనాన్ని సాక్ష్యాధారాలతో వివరించిన ఖ్యాతి ఈయనకు దక్కింది.

బాల్యం, విద్యాభ్యాసం

విల్లిస్ ఇంగ్లాండులోని విల్ట్‌షైర్ ప్రాంతంలో గ్రేట్ బెడ్విన్ అనే గ్రామంలో జన్మించాడు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలోని క్రైస్ట్ చర్చి కళాశాలలో చదివి 1642లో ఎం.ఏ. పట్టా పొందాడు. ఆ సంవత్సరమే రాజుకు, పార్లమెంటుకు మధ్య అంతర్యుద్ధం మొదలయింది. విల్లిస్ రాజు పక్షాన సైన్యంలో చేరాడు. 1646లో వైద్య పట్టా పొంది, ఆక్స్‌ఫర్డు పరిసరాలలో వైద్యం ఆరంభించాడు. తొలినాళ్ళలో అబింగ్డన్ వంటి ఊళ్ళలో సంత జరిగే రోజులలో రోగులను చూచేవాడు.

వైద్యవృత్తి

1650 డిసెంబరులో జరిగిన ఒక సంఘటన వలన విల్లిస్ పేరు అందరికీ తెలిసింది. శిశుహత్యా నేరంపై ఆన్ గ్రీన్ అనే పనిమనిషిని ఆక్స్‌ఫర్డులో ఉరితీశారు. ఆమె దేహాన్ని పరీక్ష కోసం విలియం పెట్టీ అనే వైద్యుని వద్దకు తెచ్చారు. శవపేటిక తెరిచినపుడు ఆమె ఇంకా శ్వాసిస్తున్నట్లు గమనించి, పెట్టీ, విల్లిస్ ఉపచారాలు చేసి ఆమెను బ్రతికించారు. తరువాత ఆమెకు క్షమాభిక్ష లభించింది.

1657లో విల్లిస్ మేరీ ఫెల్‌ను వివాహమాడాడు. రాజరికం తిరిగి నెలకొన్న 1660లో ఆక్స్‌ఫర్డులో ప్రకృతి తత్త్వశాస్త్ర ఆచార్యునిగా నియమితుడయ్యాడు. రాయల్ సొసైటీ తొలి సభ్యులలో ఈయన ఒకడు.

మెదడుపై పరిశోధన

1664లో విల్లిస్ లాటిన్ భాషలో వ్రాసిన సెరెబ్రి అనాటమే (మెదడు నిర్మాణము) వెలువడింది. ఈ పరిశోధనలో శస్త్రపరీక్షల భారం చాలావరకు రిచర్డ్ లోయర్ వహించాడు. తరువాతి కాలంలో లండనులోని సెయింట్ పాల్ చర్చిని నిర్మించిన క్రిస్టఫర్ రెన్ బొమ్మలు గీశాడు. వీరి సహాయాన్ని విల్లిస్ తన గ్రంథపు ముందుమాటలోనే పేర్కొన్నాడు. అంతకుముందు మెదడును పుర్రెలోనే ఉంచి పైనుండి పొరలుగా కోసేవారు. విల్లిస్ బృందం మెదడును పూర్తిగా వెలికితీసి అడుగునుండి పరిశీలించింది. అందువలన అక్కడి ధమనుల అమరిక స్పష్టంగా కనిపించింది. న్యూరాలజీ అనే పదానికి మూలమైన పదాన్ని సృష్టించినవాడు కూడా విల్లిసే.

ధమనుల వలయం

మెదడుకు మెడ గుండా నాలుగు ధమనులు రక్తాన్ని తెస్తాయి. ముందువైపు రెండు కరోటిడ్ ధమనులు, వెనుకవైపు వెన్నుపూసల గుండా పోయే రెండు ధమనులు ఉంటాయి. ఇవి మెదడు అడుగున చిన్న చిన్న రక్తనాళాల ద్వారా కలిసి వలయంగా ఏర్పడతాయి. ఇటలీకి చెందిన కాసేరి, స్విట్జర్లాండుకు చెందిన వెప్ఫర్ మొదలైనవారు దీనిని ముందే గుర్తించారు.

విల్లిస్ ఒక మృతదేహాన్ని పరీక్షిస్తూ కుడి కరోటిడ్ ధమని పుర్రెలోపల రాయివలె గట్టిపడి దాదాపు పూర్తిగా మూసుకుపోయి ఉండడం గమనించాడు. అయినా ఆ వ్యక్తికి పక్షవాతం రాలేదు, చివరివరకు తెలివి తప్పలేదు. అదే వైపున ఉన్న వెన్నుపూస ధమని మాత్రం రెండవ వైపుదాని కంటే మూడు రెట్లు పెద్దదయింది. ఒక మార్గం మూసుకుపోతే మరొక మార్గం ద్వారా మెదడుకు రక్తం చేరుతుందని విల్లిస్ గ్రహించాడు. ఒకవైపు కరోటిడ్ ధమనిలోకి సిరా కలిపిన ద్రవాన్ని ఎక్కించి, అది రెండవ వైపుకు చేరడాన్ని కూడా చూపించాడు.

చివరి రోజులు

కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు గిల్బర్ట్ షెల్డన్ ఆహ్వానంపై 1667లో లండను చేరి, అక్కడ పేరు పొందిన వైద్యునిగా స్థిరపడ్డాడు. మధుమేహ రోగుల మూత్రం తియ్యగా ఉంటుందని వ్రాశాడు. ఈ విషయం ప్రాచీన భారతీయ వైద్యులకు ముందే తెలుసు. మధుమేహమనే పేరు అందువలననే వచ్చింది. విల్లిస్ 1675లో లండనులో మరణించాడు. ఆయనను వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు.

నేటి విజ్ఞానం

మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతమే అయినా, గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం దానికే చేరుతుంది. ఆ ప్రవాహం పూర్తిగా ఆగితే సుమారు 10 సెకండ్లలోనే స్పృహ తప్పుతుంది. అందువలన శరీరం ఈ ప్రవాహాన్ని పలు విధాలుగా కాపాడుకుంటుంది. రక్తపోటు తగ్గితే మెదడులోని చిన్న ధమనులు వ్యాకోచిస్తాయి, పెరిగితే సంకోచిస్తాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడు పెరిగినా అవి వ్యాకోచిస్తాయి. ఈ స్వయం నియంత్రణ విల్లిస్ కాలంలో తెలియదు. 1890లో రాయ్, షెరింగ్టన్ అనే శాస్త్రజ్ఞులు మెదడు పనిచేసే తీరును బట్టి రక్తప్రవాహం మారుతుందని ప్రతిపాదించారు.

విల్లిస్ వలయం అందరిలోనూ సంపూర్ణంగా ఉండదు. చాలామందిలో కలిపే నాళాలలో ఒకటో రెండో మరీ సన్నగా ఉంటాయి, లేదా అసలే ఉండవు. ఒకే ధమని మూసుకుపోయినా ఒకరికి ఏ బాధా లేకపోవడానికి, మరొకరికి పక్షవాతం రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. అందుచేతనే మెడలోని ధమనులకు శస్త్రచికిత్స చేసేటపుడు నేటికీ వైద్యులు ఈ వలయం స్థితిని దృష్టిలో ఉంచుకుంటారు.