మక్కా ముఫ్తీ హజ్రత్ అతా (రహ్మలై)

మనిషిని చూసీ చూడగానే ఒక అంచనాకు వచ్చేయడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. చివ్వెంలలోనైనా, సూర్యాపేటలోనైనా పదిహేనేళ్ల కుర్రవాడు తండ్రి వెంట జుమా నమాజుకు వస్తాడు. ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లవాడు. వరుసలో కుదురుగా నిలబడలేడు, పలకరిస్తే ముఖం వైపు చూడడు, మనం అడిగిన మాటనే తిరిగి మనకు అప్పజెబుతాడు. మన చూపులు వాడి మీద ఒక క్షణం ఆగి, తండ్రి మీదికి మళ్లుతాయి. ఆ చూపులను భరించలేక ఆ తండ్రి మరుసటి వారం కొడుకును ఇంట్లోనే వదిలి వస్తాడు. అటువంటి చూపులకు జవాబుగా నిలిచే ఒక మహనీయుని జీవితాన్ని ఈ వారం గుర్తు చేసుకుందాం.

ఆయన హజ్రత్ అతా బిన్ అబీ రబాహ్ (రహ్మలై). హజ్రత్ ఉస్మాన్ (రజి) పాలనాకాలంలో యెమన్‌లో పుట్టి మక్కాలో పెరిగారు. తండ్రి నూబియా దేశస్థుడు, బుట్టలు అల్లేవాడు. బానిసత్వం నుంచి బయటపడి ఖురైషీయుల అండన బతికిన కుటుంబం. చరిత్రకారులు ఆయన రూపాన్ని ఏమీ దాచకుండా రాశారు. నల్లని మేను, చప్పిడి ముక్కు, ఒక కన్ను లేదు, ఒక చేయి పనిచేయదు, నడక కుంటి. వయసు మీరాక ఉన్న చూపు కూడా పోయింది. వంశాన్ని, రూపాన్ని బట్టి మనిషికి విలువ కట్టేవారు ఆయనను చూస్తే ఏమనుకుని ఉంటారో మనం ఊహించగలం.

అయితే మక్కాలోని విద్యావంతులు ఆయనను చూపుతో కొలిచి వదిలేయలేదు. దగ్గర కూర్చోబెట్టుకున్నారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి), హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) వంటి సహాబాల వద్ద ఆయన విద్య నేర్చారు. ఇరవై ఏళ్లపాటు మస్జిదె హరామ్ నేలే ఆయనకు పడక అయిందని చెబుతారు. చివరికి ఇబ్నె అబ్బాస్ (రజి) అంతటివారు, అతా మీ మధ్య ఉండగా సందేహాలతో నా దగ్గరికి ఎందుకు వస్తారని మక్కావాసులను అడిగారు. ఉమయ్యాల పాలనలో హజ్ రోజుల్లో అతా తప్ప మరెవరూ ఫత్వా ఇవ్వరాదని చాటింపు వేయించారు.

క్రీ.శ. 715 నుంచి 717 వరకు పాలించిన ఖలీఫా సులైమాన్ బిన్ అబ్దుల్ మలిక్ ఒకసారి ఇద్దరు కుమారులతో ఆయన వద్దకు వచ్చారు. అతా నమాజులో ఉంటే ఖలీఫా కూర్చుని ఎదురు చూశారు. తర్వాత హజ్ విధుల గురించి ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు. తిరిగి వెళుతూ, విద్యలో అలసత్వం వద్దని, ఈ నల్లని మనిషి ముందు తాము ఎంతగా తలవంచవలసి వచ్చిందో మరువలేనని కుమారులకు చెప్పారు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) గురించి ఒక ఉదంతం ప్రసిద్ధం. హజ్‌లో తల గొరిగించుకోవడానికి కూర్చుని బేరం అడిగారట. ఆరాధనలో బేరం ఉండదన్నాడు మంగలి. ఖిబ్లా వైపు తిరగమన్నాడు, ముందు కుడివైపు ఇవ్వమన్నాడు, తక్బీర్ పలకమన్నాడు, లేచి వెళ్లే ముందు రెండు రకాతులు చదవమన్నాడు. ఇవన్నీ ఎక్కడ నేర్చావని ఇమామ్ అడిగితే, అతా చేస్తుండగా చూశానని అతను చెప్పాడు.

మనం ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది మరొకటి. ఎవరైనా యువకుడు వచ్చి ఒక హదీసు చెబితే, అతా మొదటిసారి వింటున్నట్టుగా శ్రద్ధగా వినేవారు. నిజానికి ఆ యువకుడు పుట్టక ముందే ఆ హదీసు ఆయనకు తెలుసు. తనకు దక్కిన ఓపికను ఆయన పిల్లలకు తిరిగి ఇచ్చారు. సుమారు క్రీ.శ. 732లో మక్కాలో కన్నుమూశారు.

అతాకున్నవి శరీర లోపాలు. మన కుర్రవాడికున్నది ఎదుగుదలలో తేడా. రెండూ ఒకటి కావు. తేడా ఉన్న ప్రతి పిల్లవాడూ పండితుడు కానక్కరలేదు, కాకపోతే వాడి గౌరవం తగ్గదు కూడా. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, ఆ ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చని సూరె హుజురాత్ మనకు బోధిస్తోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, బుద్ధి వికాసంలో వెనుకబాటును కూడా గుర్తించింది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. అయితే పక్కన నిలబడనిచ్చే మనసును ఏ చట్టమూ ఇవ్వలేదు. అది మనమే ఇవ్వాలి.

కనుక ఈ జుమాకు ఆ కుర్రవాడు వస్తే వరుసలో కాస్త జరిగి చోటిద్దాం. సలాం చెప్పి, జవాబు కోసం కాసేపు ఆగుదాం. వాడు చెప్పిన మాటే మళ్లీ చెప్పినా, అతా విన్నట్టు, మొదటిసారి వింటున్నట్టే విందాం. వాడు రాకపోతే తండ్రిని అడిగి, వచ్చే వారం తీసుకురమ్మందాం.