అలెగ్జాండర్ గ్రాహం బెల్

టెలిఫోనును కనిపెట్టినవాడు అలెగ్జాండర్ గ్రాహం బెల్ అను సంగతి పాఠశాలకు పోవు ప్రతి బాలునకును తెలియును. కాని ఆ యంత్రమును ఆతడు తన పఠన మందిరమునకు రానీయలేదను సంగతి ఎరిగినవారు కొలదిమందియే. దీనికి కారణము తెలియవలెనన్న ఆతని బాల్యమునుండి ప్రారంభింపవలెను.

బెల్ 1847వ సంవత్సరము మార్చి 3వ తేదీన స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున జన్మించెను. తాతయు తండ్రియు స్పష్టమైన ఉచ్చారణను నేర్పు ఉపాధ్యాయులు. ఏ ధ్వని పలుకునపుడు నాలుకయు పెదవులును ఏ రీతిగా నుండునో చూపు లిపి నొకదానిని తండ్రి కల్పించెను. తల్లి ఎలైజాకు చెవులు సరిగా వినబడవు. ఇతరులు ఆమె చెవియొద్ద నుంచుకొన్న గొట్టములోనికి బిగ్గరగా పలుకుచుండిరి. బెల్ అట్లు చేయలేదు. ఆమె నుదుటికి దగ్గరగా నోరుంచి మెల్లగా పలికెడివాడు. పదిమంది కూడి మాటలాడునపుడు ఆమె ప్రక్కన కూర్చుండి, వ్రేళ్ళతో అక్షరములు కూర్చి వారి మాటలను తెలిపెడివాడు. మాట మనసును చేరుటకు చెవి యొక్కటే మార్గము కాదని ఆతడు నేర్చినది ఆ తల్లి యొద్దనే.

ఇద్దరు సోదరులు క్షయవ్యాధిచే మరణింపగా, మిగిలిన ఒక్క కుమారునైన దక్కించుకొనవలెనని తలిదండ్రులు 1870లో కెనడాకు తరలిపోయిరి. మరుసటి సంవత్సరము బెల్ అమెరికాలోని బోస్టను నగరమున బధిర బాలబాలికలకు ఉపాధ్యాయుడాయెను. తరువాత ఎంత కీర్తి వచ్చినను తాను బధిరుల ఉపాధ్యాయుడననియే చెప్పుకొనెడివాడు. ఆతని శిష్యురాండ్రలో మేబెల్ హబ్బర్డు ఒకతె. ఐదవయేట స్కార్లెట్ జ్వరము సోకి ఆమె వినికిడిని పూర్తిగా కోల్పోయెను. ఎదుటివారి పెదవుల కదలికను చూచి మాటలను గ్రహించెడిది.

పగలు పాఠములు, రాత్రులు ప్రయోగములు. ఒకే తీగపై పెక్కు తంతివార్తలను పంపవలెనని ఆతడు మొదట యత్నించుచుండెను. చెవిలోని పలుచని పొర ధ్వనికి కదలి, తనకంటె బరువైన ఎముకలను కదల్చుట ఆతనికి ఆశ్చర్యము గొల్పెను. అట్టి పొర ఇనుప ముక్క నొకదానిని కదల్చినచో, తీగలోని విద్యుత్తు కంఠస్వరము ననుసరించి హెచ్చుతగ్గులు పొందునుగదా యని ఊహించెను. 1876 మార్చి 7న పేటెంటు లభించెను. మూడు దినముల తరువాత బెల్ పిలువగా వేరొక గదిలోనున్న సహాయకుడు వాట్సను ఆ పిలుపును తీగద్వారా విని పరుగెత్తి వచ్చెను.

ఆ వేసవిలో ఫిలడెల్ఫియా నగరమున గొప్ప ప్రదర్శనము జరిగెను. తన విద్యార్థుల పరీక్షలను విడిచి అచ్చటికి పోవుటకు బెల్ ఇష్టపడలేదు. మేబెల్ ఆతని పెట్టె సర్ది స్టేషనుకు తోడ్కొనిపోయెననియు, ఆతడు వాదింపబోగా పెదవులు కనబడకుండ మొగము త్రిప్పుకొనెననియు చెప్పుదురు. చూడని మాటకు ఆమె జవాబు చెప్పనక్కరలేదు కదా! బెల్ రైలెక్కెను. ప్రదర్శనమున బ్రెజిలు చక్రవర్తి డాం పెద్రో ఆ యంత్రమును చెవి నుంచుకొని విస్మయము చెందెను. నాటితో బెల్ పేరు దేశమంతట వ్యాపించెను.

1877 జూలై 11న మేబెల్‌తో ఆతని వివాహము జరిగెను. నూతన టెలిఫోను కంపెనీలోని తన వాటాలలో పది మాత్రము ఉంచుకొని, మిగిలినవన్నియు ఆమెకు పెండ్లి కానుకగా నిచ్చెను. కాని ఆ యంత్రమున భర్త కంఠమును ఆమె ఎన్నడును వినజాలదు. దూరమున నున్నపుడెల్ల వారు జాబులు వ్రాసికొనెడివారు. ఆ జాబులు నేటికిని వాషింగ్టను నగరములోని కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

వాషింగ్టనులో వారి గృహమున పఠన మందిరము బెల్ ఏకాంతముగా ఆలోచించుకొను స్థలము. రాత్రి ప్రొద్దుపోవువరకు పనిచేయుట ఆతని అలవాటు. లెక్క సగము చేసిన బాలుని ఎవరైన పిలిచినచో, మరల మొదటినుండి చేయవలసి వచ్చుట మనకు తెలిసినదే. టెలిఫోను వేళ యెరుగని అతిథి. అది మ్రోగినచో చేతిలోని పని విడిచి లేవక తప్పదు. జాబు అట్లు కాదు. చదువువాడు తీరుబడియైన వరకు అది బల్లమీద వేచియుండును. కావుననే ఆ గదిలో టెలిఫోను నుంచుకొనుటకు బెల్ ఒప్పుకొనలేదు. అంతమాత్రమున ఆతడు తన సృష్టినే ద్వేషించెనని కొందరు చెప్పుట న్యాయము కాదు. తక్కిన ఇంట టెలిఫోనులకు కొదువ లేదనియు, ఎవరైన పిలిచినపుడు పలుకుట ఆలస్యమైనచో ఆతడే విసుగుకొనెడివాడనియు తరువాత మేబెల్ తెలిపెను. 1915 జనవరి 25న న్యూయార్కునుండి శాన్ ఫ్రాన్సిస్కోలోనున్న వాట్సనుతో మాటలాడి, ఖండమునకు అడ్డముగా వేసిన టెలిఫోను మార్గమును ప్రారంభించినవాడును ఆతడే.

చూపును వినికిడియు లేని హెలెన్ కెల్లర్‌ను ఆరవయేట తండ్రి బెల్ వద్దకు తీసికొనివచ్చెను. ఆతడు చూపిన దారిననే ఆమెకు ఆన్ సలివన్ అను గొప్ప గురువు లభించెను. పిమ్మట బెల్ హెలెన్ అరచేతిలో వ్రేళ్ళతో అక్షరములు కూర్చి సంభాషించెడివాడు. ఆమె తన ఆత్మకథను 1903లో ఆతనికే అంకితమిచ్చెను.

ఇట్టివాడు ఒక విషయమున మాత్రము పట్టుదలకు పోయెను. బధిరులు తమలో తాము వాడుకొను సంజ్ఞాభాషను పాఠశాలలనుండి తొలగించి, పెదవులను చూచి నోటితో పలుకుటయే నేర్పవలెనని ఆతడు గట్టిగా వాదించెను. మేబెల్‌కు సాధ్యమైనది అందరకును సాధ్యమని తలచెను కాబోలు. పెక్కు పాఠశాలలలో సంజ్ఞలు చేయు పిల్లలను అదలించిరి. మాటయు రాక, సంజ్ఞయు లేక వారు మిక్కిలి కష్టపడిరి. తనకు వలసిన మార్గమును తాను ఎంచుకొన్న బెల్, ఆ స్వేచ్ఛను వారికి ఈయకపోవుట పెద్ద లోపమే. బధిరులు ఆ సంగతిని నేటికిని మరువలేదు.

వృద్ధాప్యమున బెల్ కెనడాలో బాడెక్ గ్రామము దాపున కొండమీది ఇంట పెక్కు కాలము గడపెను. 1922 ఆగస్టు 2న అచ్చటనే మరణించెను. తుది గడియలలో ఆతనికి మాట పడిపోయెను. తన్ను విడిచి పోవలదని మేబెల్ వేడుకొనగా, పోనని ఆతడు ఆమె చేతిలో వ్రేళ్ళతో సంజ్ఞ చేసెనని చెప్పుదురు. రెండు దినముల తరువాత ఆతని దేహమును ఆ కొండమీదనే ఖననము చేసిరి. ఆ సమయమున ఉత్తర అమెరికాలోని టెలిఫోనులన్నిటిని ఒక నిమిషము మౌనముగా నుంచిరి.