గుంటూరు డాక్టరమ్మకు దక్కిన పతకం
కొంతం చౌక్‌లో ఉండే మనకు గుంటూరు దూరమే. అయినా తెలుగు ఆడవాళ్ల ప్రాణాలు కాపాడిన అన్నా సారా కుగ్లర్‌ను మనమూ తలుచుకోవాలి.

1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టి, వైద్యం చదివిన ఆమె 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. మిషన్ మొదట అప్పగించింది వైద్యం కాదు, చదువు చెప్పే పని. మగ డాక్టరుకు చూపించుకోలేని ఇల్లాళ్ల అవస్థ చూశాక ఆమె ఊరుకోలేదు, వైద్యం మొదలుపెట్టారు. అమెరికాలోని చర్చి మహిళలు పోగుచేసిన విరాళాలతో ఆసుపత్రి తెరిచారు.

ఈ సేవకే బ్రిటిష్ ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. పతకం ఇచ్చిన ప్రభుత్వం పోయింది, ఆసుపత్రికి ఆమె పేరు నిలిచింది. పతకంపై పేరు లేని ఆ దాతలనూ మనం మరవకూడదు.