పెన్ను వెలిసిపోతే ఊరుకోని మాస్టారు – ర్యోసుకె నామికి

ఫౌంటెన్ పెన్నుతో పరీక్షలు రాసిన తరానికి రెండు బాధలు బాగా తెలుసు. సిరా కావలసినప్పుడు దిగదు, అక్కర్లేనప్పుడు జేబులో కక్కుతుంది. మూడో బాధ కూడా ఒకటుంది. కొన్న రోజున నల్లగా నిగనిగలాడిన పెన్ను కొన్నేళ్ళకి వెలిసి, అదో రకం గోధుమరంగుకి తిరిగేది. మొదటి రెండింటికీ పెన్నుని విదిలించాం. మూడోదానికి సరిపెట్టుకున్నాం. అలా సరిపెట్టుకోలేని ఒక జపాను లెక్చరరు గురించి ఈ నాలుగు మాటలు.

ర్యోసుకె నామికి 1880లో పుట్టాడు. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి, తర్వాత టోక్యో వర్తక నౌకా పాఠశాలలో ఆచార్యుడయ్యాడు. అక్కడ డ్రాయింగు గీయడానికి వాడే రూలింగ్ పెన్ను ఆయన్ని చాలా విసిగించింది. మన ఇంజనీరింగు పాత విద్యార్థులకు దాని సంగతి చెప్పనక్కర్లేదు. రెండు రేకులు, మధ్య ఒక స్క్రూ, అందులో ఒక చుక్క సిరా. గీత సగంలో ఉండగా ఆరిపోతుంది, లేకపోతే షీటు మీద కాకి వాలినట్టు మచ్చ పడుతుంది. మాటిమాటికీ సిరాలో ముంచే అవసరం లేని రూలింగ్ పెన్నుని నామికి తయారు చేశాడు. అక్కడితో ఆగితే మంచి మాస్టారుగా రిటైరయ్యేవాడు. కాని సిరా నడక మీదికి పోయిన మనసు పాళీ మీదికి పోయింది. బంగారు పాళీ కొనకి అరగని గట్టి లోహం కావాలి. ఉత్తర దీవి హొక్కైడోలో దొరికే ఇరిడియం, ఆస్మియం కలిసిన ఖనిజం అందుకు పనికొచ్చింది. చివరికి ఉద్యోగం వదులుకుని, నౌకారంగంలోనే తనకు తోడైన మసావో వాదాతో కలిసి 1918లో నామికి తయారీ సంస్థని స్థాపించాడు. పెన్నుకి పెట్టిన పేరు పైలట్. విమానం నడిపేవాడు కాదు, రేవులోకి ఓడకి దారి చూపేవాడు!

నెలజీతం వచ్చే ఉద్యోగం వదిలి పెన్నులు చేస్తానంటే ఇంట్లోవాళ్ళు ఏమన్నారో మనం ఊహించుకోవలసిందే. ఆ రోజుల్లో మంచి పెన్ను అంటే సీమ పెన్నే అన్న భ్రమ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ఇక ఆ వెలిసిపోయే గొడవ. పెన్ను ఒళ్ళు ఎబొనైటుతో చేసేవారు. మన రాజమండ్రి రత్నం పెన్నులూ ఆ జాతివే. రబ్బరులో గంధకం బాగా కలిపి వేడిచేస్తే గట్టిపడేదే ఎబొనైటు. ఎండా తేమా తగిలితే అందులోని గంధకమే పైకి తేలి రంగు చెడగొడుతుంది. దీనికి నామికి విరుగుడు వెతికింది విదేశీ రసాయనాల్లో కాదు, తన దేశంలో అన్నం తినే గిన్నెల మీద ఉండే పూతలో. దాని పేరు ఉరుషి. ఇంగ్లీషులో లక్కరు అంటారు కాబట్టి మన ఏటికొప్పాక బొమ్మల లక్కే అనుకునేరు. అది పురుగు ఇచ్చే లక్క, ఇది చెట్టు పాలు. బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడే నల్లజీడికి ఈ చెట్టు చుట్టం. అందుకే పచ్చిగా తగిలితే ఒళ్ళు పొక్కుతుంది. దీని గుణం మరీ విచిత్రం. ఎండలో పెడితే ఆరదు! తేమగా ఉంచిన బీరువాలో పెడితేనే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడిందా, నీళ్ళకీ సిరాకీ లొంగదు. ఎబొనైటు మీద ఈ పూత పట్టించే పద్ధతికి 1925లో పేటెంటు తీసుకున్నారు. లక్కనైట్ అని పేరు పెట్టారు.

అంటే నేడు లోకం ముచ్చటపడే ఆ పెన్నుల అందానికి మొదలు అందం కాదు, వెలిసిపోవడమనే రోగానికి మందు. నల్లటి పూత నిలిచాక దాని మీద బంగారం చల్లే మాకి-ఎ చిత్రకళ ఎలాగూ ఆ దేశంలో వందల ఏళ్ళుగా ఉంది. పచ్చి ఉరుషితో బొమ్మ గీసి, అది తడిగా ఉండగానే సన్నని గొట్టంలోంచి బంగారు పొడి రాలుస్తారు. గట్టిపడ్డాక మళ్ళీ పూత, బొగ్గుతో అరగదీత, చివరికి వేలికొనతో మెరుగు. ఒక్క పెన్నుకి నెలలు పడుతుంది. గుండ్రటి, వేలెడు లావు లేని కర్ర మీద కొంగ రెక్క గీయడం ఎంత కష్టమో ఆలోచించండి.

నామికి చిత్రకారుడు కాడు. ఆ సంగతి తెలుసుకోవడమే ఆయన గొప్ప అంటాను. కనజావాలో ఏడో ఏటనే ఈ పని పట్టి, 1919లో టోక్యో లలితకళల పాఠశాలలో చదువు ముగించిన గొన్‌రోకు మత్సుదాని పనిలోకి తెచ్చుకున్నాడు. 1931లో మత్సుదా పెద్దరికంలో కొక్కోకాయ్ అనే కళాకారుల బృందం ఏర్పడింది. పనివాడు పెన్ను మీద తన సంతకం చేసేవాడు. ఏ ఫ్యాక్టరీ సరుకు మీద పనివాడి పేరు ఉంటుంది, చెప్పండి? ఆ మత్సుదానే 1955లో జపాను ప్రభుత్వం సజీవ జాతీయ నిధిగా గౌరవించింది.

1930లో లండన్ డన్‌హిల్ సంస్థతో ఒప్పందం కుదిరింది. డన్‌హిల్-నామికి పేరుతో ఆ పెన్నులు పాశ్చాత్య దుకాణాల్లోకి వెళ్ళాయి. సీమ పెన్నుల ముందు నిలవలేమన్న భయంతో మొదలైన పని సీమవాళ్ళ షాపు అద్దాల్లోకి చేరింది. కాని కాలం కలిసిరాలేదు. ప్రపంచమంతా ఆర్థికమాంద్యం, వెనకే యుద్ధం. బంగారం వాడకంపై ఆంక్షలు వచ్చి పాళీలు ఉక్కువయ్యాయి. 1938లో సంస్థ పేరు పైలట్‌గా మారి, నామికి పేరు బోర్డు మీంచి దిగింది.

ఆయన 1954లో కన్నుమూశాడు. అప్పటి డన్‌హిల్-నామికి పెన్నులు నేడు వేలంలో లక్షల రూపాయలు పలుకుతున్నాయి. కొన్నవాళ్ళు వాటితో రాయరు లెండి, అద్దాల పెట్టెలో పెట్టుకుంటారు. సిరా సరిగా దిగడం కోసం ఉద్యోగం మానుకున్న మాస్టారు చూస్తే నొచ్చుకునేవారేమో. బోర్డు మీంచి దిగిన ఆ పేరుని మాత్రం పైలట్ వారు తర్వాత మళ్ళీ తీశారు. మాకి-ఎ పెన్నులకి ఇప్పుడు నామికి అనే పేరు.