ఆచార్య శాంతి స్వరూప్ భట్నాగర్

చెట్టు బంక అనగానే చిరిగిన పుస్తకపు అట్టలు అతికించుకొనుటయే మనకు జ్ఞప్తికి వస్తుంది. ఒకప్పుడు రావల్పిండి ప్రాంతపు నూనె బావులను గట్టెక్కించినది కూడ అట్టి బంకయే. ఆ పని చేసిన ఆచార్య శాంతి స్వరూప్ భట్నాగర్ జీవితమును మా విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచాము.

ఆయన 1894 ఫిబ్రవరి 21న, నేడు పాకిస్తాన్‌లో ఉన్న భేరా పట్టణమున జన్మించారు. ఎనిమిది నెలల ప్రాయంలోనే తండ్రి గతించగా సికంద్రాబాదులో మాతామహుని ఇంట పెరిగారు. (ఇది మన సికింద్రాబాదు కాదు, ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలోనిది.) లాహోరులో చదివి, 1921లో లండన్‌లో ఆచార్య డొనాన్ వద్ద డి.ఎస్‌సి. పట్టం పొందారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కొంతకాలం బోధించి, 1924లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమునకు వచ్చారు.

అక్కడ ఉండగా నూనె కంపెనీవారు ఒక చిక్కు తెచ్చారు. బావి త్రవ్వునపుడు యంత్రం సాఫీగా తిరుగుటకు లోనికి పలుచని బంకమట్టి బురదను పంపుతారు. భూగర్భంలోని ఉప్పునీరు తగలగానే ఆ బురద గట్టిపడి, త్రవ్వకం ఆగిపోతున్నది. ఇతరులు దీనిని యంత్రముల సమస్యగా చూడగా, భట్నాగర్ రసాయన సమస్యగా చూశారు. బురదలోని మట్టి రేణువులు పరస్పరం వికర్షించుకొనుచు నీటిలో తేలుచుండును. ఉప్పు తగిలిన ఆ వికర్షణ నశించి అవి ముద్దకట్టును. మన దేశమున దొరకు ఒక బంకను కలిపినచో బురద పలుచబడి, ఉప్పునకు తట్టుకొని నిలుచునని ఆయన నిరూపించారు.

సంతసించిన స్టీల్ బ్రదర్స్ కంపెనీవారు పరిశోధన నిమిత్తం 1,50,000 రూపాయలు ఇవ్వజూపారు. ఆయన దానిని విశ్వవిద్యాలయం ద్వారానే ఇప్పించి, పెట్రోలియం పరిశోధన శాఖను నెలకొల్పి, ఆరుగురికి పరిశోధక వేతనములు ఏర్పరచారు. బ్యూరెట్టు ఒకటి పగిలినా లెక్కలు వేసుకొను మనకు ఆనాటి లక్షన్నర విలువ వేరే చెప్పనక్కరలేదు. తమకంటూ స్వీకరించియున్నా తప్పుపట్టువారు లేరు. ఆ శాఖలో మైనపు వాసన పోగొట్టుట, కిరోసిన్ దీపపు జ్వాల ఎత్తు పెంచుట వంటి పనులు సాగాయి. ఇవి చిన్నవిగా తోచవచ్చును. కిరోసిన్ దీపం క్రింద చదివినవారికి మాత్రం తోచవు.

1940లో లాహోరు విడిచి ప్రభుత్వ పరిశోధనల బాధ్యత స్వీకరించారు. 1942లో ఏర్పడిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి తొలి సారథులై, దేశమంతట జాతీయ ప్రయోగశాలలు వెలయింపజేశారు. 1943లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

మా ఉర్దూ విభాగపు మిత్రులకు ఒక మాట. ఈ రసాయన శాస్త్రజ్ఞుడు ఉర్దూ కవి కూడ. 1946లో సహధర్మచారిణి లాజవంతి గతించగా, ఆయన ఉర్దూ కవితల సంపుటి ఆమె పేరుతోనే వెలువడింది.

1955 జనవరి 1న ఆయన కన్నుమూశారు. హైదరాబాదు రాజ్యం 1944లో స్థాపించిన ప్రయోగశాల, అనగా నేటి తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ, ఆ మరుసటి ఏడు మండలిలో చేరింది. అది చూచుటకు ఆయన లేరు.